అమ్మానాన్నలకు 70 దాటాయా? ఈ కార్డు తీయించండి

ఊరి నుంచి వచ్చి బెంగళూరులో మన దగ్గర ఉంటున్న అమ్మకో నాన్నకో 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు అర్హులే, పెన్షనెంత, పొలమెంత అని ఎవరూ అడగరు. ఆసుపత్రిలో చేరితే ఉచిత వైద్యం కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కార్డు ఇది, 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం, షుగర్, బీపీ ముందునుంచీ ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే, తలా 5 కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మామూలు ఓపీకి పనికిరాదు.

ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేయొచ్చు, ఆధార్ ఉంటే చాలు. చాలంటే చాలదనుకోండి! మా నాన్న ఆధార్‌కున్న నంబర్ ఎప్పుడో పోయిన సిమ్‌ది, ఓటీపీ రాదు, వేలిముద్ర పెడదామంటే నలభై ఏళ్లు పార పట్టిన వేళ్లు, గీతలే మిగల్లేదు. చివరికి కిటికీ పక్కన వెలుతుర్లో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి ముఖం స్కాన్ చేస్తే అయ్యింది.

సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులది) ఉన్నవాళ్లు అదో ఈ కార్డో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేట్ పాలసీ ఉంటే ఇబ్బంది లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి, ఆధార్ ఆంధ్రా అడ్రస్‌తో ఉంటే, బెంగళూరులో అడ్మిట్ చేసే ముందే ఆసుపత్రి ఆయుష్మాన్ డెస్క్‌లో ఈ కార్డు తీసుకుంటారా, ఆ ఆపరేషన్ ఇక్కడ చేస్తారా అని అడగండి, వాళ్లు తేల్చకపోతే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేయండి.