సాలార్ల బాణీలో హువార్ పాట కట్టి పాడడం ఎలా?

చైనా వాయవ్యంలో, చింఘాయ్ రాష్ట్రంలోని షున్‌హువాలో, పసుపు నది ఒడ్డున సాలార్లు ఉంటారు. ముస్లింలు. వాళ్ళ మాట తుర్కిక్ కుటుంబానిది. పూర్వీకులు సమర్‌ఖండ్ వైపు నుంచి తెల్ల ఒంటెతో వచ్చారని, ఆ ఒంటె ఒక ఊట దగ్గర రాయైపోయిందని వాళ్ళ గాథ. చుట్టూ టిబెటన్లు, హాన్ చైనీయులు, చైనీస్ మాట్లాడే ముస్లింలైన హుయీలు. ఇన్ని గొంతుల మధ్య పెరిగిన పాట కాబట్టి దాన్ని నేర్చుకునేటప్పుడు స్వరాల కన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఏ పాట ఎక్కడ పాడాలి?

పెళ్ళిలో కూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు ఏడుస్తూ పాడేది సాగిష్. మన అప్పగింతల పాటలాంటిది. పెళ్ళికూతురు ఇంటికి వీపు తిప్పకుండా వెనక్కి నడుస్తూ, ధాన్యం చల్లుతూ బయటికి వస్తుంది. ఇది ఆమె సొంతం. సరదాకి సాధన చేసే పాట కాదు, దాన్ని విని గౌరవించండి చాలు. సాలార్ భాషలో పాడే ప్రేమపాట యూర్. ఆ భాష ఉచ్చారణ పట్టుబడకుండా యూర్ మొదలుపెడితే మాటలు చెడిపోతాయి. ఆడవాళ్ళు నోట పెట్టుకుని వాయించే రాగి లేదా వెండి కౌషియన్ మన మోర్సింగ్‌కు చిన్న చెల్లెలు, దాని సాధన వేరు. బయటివాళ్ళు మొదలుపెట్టదగినది హువార్. సాలార్లు దీన్ని ఎక్కువగా చైనీస్‌లోనే పాడతారు. ఆ ప్రాంతంలోని చాలా జాతులు పాడుకునే ఈ పాటను 2009లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

హువార్‌కు 'అడవి పాట' అని పేరు. పొలంలో, కొండమీద, దారిలో పాడాలి. ఇంట్లో, ఊరి మధ్యలో, పెద్దల ముందు, వావివరసల వాళ్ళ ముందు పాడకూడదు. ప్రేమపాట కాబట్టి అన్నాచెల్లెళ్ళు కలిసి వినడం కూడా తప్పే. అక్కడికి వెళ్ళినవాళ్ళు విందులో కూర్చుని "ఒక హువార్ పాడండి" అని అడిగితే ఎదుటివాళ్ళు ఇబ్బంది పడతారు. వేసవిలో, చాంద్రమానం ఆరో నెలలో, లావోయె కొండ మీద, చ్యూతాన్ ఆలయం దగ్గర పాటల జాతరలు జరుగుతాయి. అడగవలసిన చోటు అదీ.

ఇక కట్టడం. నాలుగు పాదాలు. మొదటి రెండింటిలో కనబడే దృశ్యం చెప్పాలి: కొండ, ఏరు, మొదన్ (పియొనీ) పువ్వు. చివరి రెండింటిలో మనసులో మాట. ఈ రెంటికీ మధ్య 'లాగా', 'వలె' వేసి ముడిపెట్టకండి. వేశారంటే పాట పాఠమైపోతుంది. ప్రాస ఒకటో పాదానికి మూడోది, రెండో పాదానికి నాలుగోది.

అసలు కిటుకు పాదాల చివర ఉంది. బేసి పాదాలు ఒంటి అక్షరం మాటతో తెగాలి, సరి పాదాలు రెండక్షరాల మాటతో ముగియాలి. చైనీస్‌లో ఒంటి అక్షరం మాటలూ, రెండక్షరాల మాటలూ ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది సులువు. తెలుగులో సాధన చేసేవాళ్ళు బేసి పాదం చివర ఒక గురువు, సరి పాదం చివర రెండు లఘువులు పెట్టుకుంటే సరిపోతుంది. మాత్రలు రెండూ సమానమే గానీ చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. సాధన కోసం కట్టిన ఈ మచ్చు చూడండి:

ఏటి నీట తెప్ప వేసి దాటి రా
ఒడ్డు మీద విరిగిపోయె తెల్ల అల
మాట ఒకటి మోసుకొచ్చి చెప్ప రా
గడ్డ మీద పరిచి ఉంది కళ్ళ వల

మూడేసి మాత్రల గణాలు ఐదు, చివర రెండు మాత్రలు. గట్టిగా చదివితే 'రా' దగ్గర గాలిలోకి వదిలేసినట్టు, 'అల' దగ్గర నేలమీద దించినట్టు ఉంటుంది. అన్ని పాదాలనూ గురువుతో ముగిస్తే ఈ ఊగు పోతుంది. కొత్తవాళ్ళ పాటలు చప్పగా ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇది కుదిరాక 'నడుము విరిచిన' రూపం ప్రయత్నించండి. ఒకటో పాదం తర్వాత ఒక సగం పాదం, మూడో పాదం తర్వాత ఇంకొకటి చేరి మొత్తం ఆరు అవుతాయి. పై పాటలో మొదటి చోట "నీరు తగ్గె", రెండో చోట "పొద్దు వాలె" అని పెట్టి చూడండి. ఊపిరి ఒకసారి ఆగి ముందుకు దూకుతుంది.

బాణీని అక్కడ 'లింగ్' అంటారు. సాలార్ లింగ్, తెల్ల మొదన్ లింగ్, ఇలా వందకు పైగా ఉన్నాయి. లింగ్ అలాగే ఉంటుంది, మాటలు మారతాయి. మధ్యలో వచ్చే పిలుపులు, ఊతపదాలు లింగ్‌లో భాగం, పాదంలో భాగం కావు. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు వాటిని కలిపేసుకుంటే పాదం కొలత తప్పుతుంది. ముందు అవి తీసేసి పాదం కట్టుకుని, పాడేటప్పుడు తిరిగి చేర్చండి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకు స్వరాలు త్వరగా పట్టుబడతాయి. చాలా హువార్ బాణీల మెట్లు సరిగ్గా శుద్ధ సావేరివి: స రి2 మ1 ప ద2. కొన్ని మధ్యమావతి మెట్ల మీద నడుస్తాయి. ఎముకల గూడు మాత్రం స–మ–ప–పై స. ఈ నాలుగు స్వరాల మీదే పాట ఎక్కి దిగుతుంది. వారం రోజులు ఆ నాలుగే సాధన చేయండి: స నుంచి మకు ఒక్క దూకు, ప నుంచి పై సకు మరొక దూకు, మధ్యలో జారుడు లేకుండా.

ప్రమాదమూ అక్కడే ఉంది. శుద్ధ సావేరి అలవాటున్న గొంతు రి, ద దగ్గర తెలియకుండానే గమకం వేస్తుంది. అప్పుడది హువార్ కాదు, మన రాగమే. రి, దలను ఊపకుండా దాటిపోండి. కదలిక రావలసింది దీర్ఘంగా నిలిపే స్వరం మీద, గొంతులో సన్నని వణుకుగా. టిబెటన్ పాటల నుంచి వచ్చిన ఈ వణుకే సాలార్ల హువార్‌ను పొరుగువాళ్ళ హువార్ నుంచి వేరుచేస్తుంది. ముందు వణుకు లేకుండా స్వరం ఒక ఊపిరి పొడవునా నిలపడం రావాలి. తర్వాత చివరి మూడో వంతులో మాత్రమే వణికించండి. మొదటి నుంచీ వణికిస్తే శ్రుతి దిగిపోతుంది.

గొంతు రెండు రకాలు. సహజమైన నిండు గొంతు ఒకటి, పైస్థాయిలో సన్నగా తీసే దొంగ గొంతు ఇంకొకటి. పై స దాటాక రెండోదానికి మారాలి. బలవంతంగా నిండు గొంతునే పైకి నెడితే నాలుగు పాటలకే బొంగురుపోతుంది. అందుకే కచేరీ శ్రుతి కన్నా ఒకటి రెండు మెట్లు దించి పెట్టుకోండి. శ్రుతిపెట్టె, తాళం వద్దు. పాదం చివర ఎంతసేపు నిలపాలో ఊపిరి చెబుతుంది. ఒక అరచేతిని చెవి వెనుక దొప్పగా పెట్టుకుంటే ఆరుబయట కూడా మీ గొంతు మీకు వినబడుతుంది, గాయకులు అలాగే పెట్టుకుంటారు.

చివరిగా 'గాలి కలిపిన మంచు'. ఒక పాదం చైనీస్‌లో, తర్వాతి పాదం సాలార్‌లోనో టిబెటన్‌లోనో పాడే పద్ధతికి అక్కడి పేరు ఇది, మన మణిప్రవాళం లాంటిది. దీనికి రెండు భాషల్లోనూ పాదాంత నియమం పాటించాలి, ప్రాస కూడా తప్పకూడదు. తెలుగు, ఉర్దూ రెండూ ఇంటి భాషలైన హైదరాబాదీలకు ఈ సాధన బాగా కుదురుతుంది: బేసి పాదాలు ఉర్దూలో, సరి పాదాలు తెలుగులో కట్టి చూడండి. పాడడానికి మాత్రం డాబా మీదికి కాదు, ఊరి బయటికి వెళ్ళండి.