పిప్ సక్సెస్ అంటుంది, పైథాన్ నో మాడ్యూల్ అంటుంది

ప్రాజెక్టు గడువు దగ్గరపడిందంటే తిరుపతిలో మా జూనియర్ల నుంచి రాత్రి పదకొండింటికి వచ్చే ఫోన్ ఇదే. "ఇన్‌స్టాల్ చేసినాన్నా, సక్సెస్‌ఫుల్ అని కూడా వచ్చింది. రన్ చేస్తే నో మాడ్యూల్ అంటా ఉంది."

మాడ్యూల్ అంటే ఇంపోర్ట్ చేసి వాడుకునే కోడ్, పిప్ అంటే దాన్ని పైథాన్‌లోకి ఇన్‌స్టాల్ చేసే టూల్. మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. చాలాసార్లు ఆ ల్యాప్‌టాప్‌లో రెండు పైథాన్‌లు ఉంటాయి. పిప్ ఒకదాంట్లో పెడితే, ప్రోగ్రాం ఇంకోదాంట్లో వెతుకుతుంది. చుట్టం బస్టాండు ఎదుట శ్రీనివాసం వసతి గృహంలో దిగితే, మనం రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసంలో వెతుకుతున్నామన్నమాట. ప్రోగ్రాం మొదట్లో సిస్ (sys) అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేయండి. ఏ పైథాన్ నడుస్తోందో దాని పూర్తి దారి కనబడుతుంది. టెర్మినల్‌లో 'pip --version' అని అడిగితే అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా చెబుతుంది. ఆ రెండు దారులూ వేర్వేరు పైథాన్‌లవైతే దొంగ దొరికినట్టే. ఇకనుంచి ఉత్త పిప్ కొట్టకుండా, ప్రోగ్రాంను నడిపే పైథాన్‌తోనే 'పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్' అని, చివర మాడ్యూల్ పేరు పెట్టి కొట్టండి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి 'సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్'లో సరైనదాన్ని ఎంచుకోవాలి. జూపిటర్ నోట్‌బుక్‌లో పిప్ ముందు పర్సెంట్ గుర్తు పెట్టి ఇన్‌స్టాల్ చేసి, తర్వాత కెర్నల్ (వెనక కోడ్‌ను నడిపే పైథాన్) రీస్టార్ట్ చేయండి.

మాడ్యూల్ దొరికింది గానీ అందులో ఫంక్షన్ లేదంటోందా? 'రాండమ్‌లో రాండ్‌ఇంట్ లేదు' అని వస్తే ముందు మీ ఫైల్ పేరు చూసుకోండి. ప్రాక్టీసు కోసం రాసిన ఫైల్‌కు రాండమ్ డాట్ పై అని పేరు పెట్టి ఉంటారు. (ఈ తప్పు నేనూ చేసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.) పైథాన్ ముందు మీ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, ఆ పేరు కనబడగానే ఆగిపోతుంది, అసలు రాండమ్ దాకా పోదు. ఫైల్ పేరు మారిస్తే చాలు. పైథాన్ 3.13 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే పేరు మార్చమని ఎర్రర్‌లోనే సూచిస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే పేరూ, ఇంపోర్ట్ చేసే పేరూ ఒకటే కానవసరం లేదు. సీవీ2 (cv2) ఇంపోర్ట్ చేయాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్ (opencv-python) ఇన్‌స్టాల్ చేయాలి, పీఐఎల్ (PIL) కావాలంటే పిల్లో (pillow), ఎస్‌కేలెర్న్ (sklearn) కావాలంటే సైకిట్-లెర్న్ (scikit-learn).

మీరు రాసిన ఫైలే దొరకకపోతే నోట్‌ప్యాడ్‌ను అనుమానించండి. అది చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి, ఆ తోక తీసేయండి.