సైకిల్ వెంట కుక్క పడుతోందా? ముందు తొక్కడం ఆపండి

అనంతపురంలో పొద్దున్నే సైకిల్ తీసేవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, కుక్కలకు ఏ స్ప్రే కొనాలి?" స్ప్రే సంగతి తర్వాత. కుక్క వెంటపడినప్పుడు ఆపారా, ఇంకా జోరుగా తొక్కారా? తొక్కాననే చెప్తారు. మరి అది వెంటపడక ఏం చేస్తుంది?

లక్షణం: మొరుగుతూ తరిమి, కొంత దూరం పోయాక ఆగిపోతుంది

కారణం మీ వేగమే. పారిపోయేదాన్ని తరమడం కుక్క నైజం. రోజూ అదే మలుపులో అది మొరుగుతుంది, మీరు పరుగు తీస్తారు. దాని లెక్కలో రోజూ అదే గెలుస్తోంది.

దిగండి. సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి, బొంగురు గొంతుతో ఒక్కసారి గట్టిగా "హేయ్" అనండి. వంగి రాయి ఎత్తినట్టు చేస్తే మన వీధి కుక్కలు చాలావరకు అక్కడే తగ్గుతాయి. నిజంగా రాయి ఉండాల్సిన పని లేదు. తగ్గాక కొంత దూరం నడిపించుకుంటూ పోయి ఎక్కండి. బాటిల్ నీళ్లు మూతి మీద చిమ్మినా పనిచేస్తుంది, కానీ దిగాక చిమ్మండి. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని చిమ్మబోయి పడ్డవాళ్లను, కాళ్లు రెండూ పైకెత్తి రోడ్డు మీద దొర్లినవాళ్లను చాలామందినే చూశాను. వాళ్లలో కుక్క పన్ను తగిలినవాళ్లు తక్కువ, మోకాళ్లు చీరుకుపోయినవాళ్లు ఎక్కువ.

ఆదివారం పొద్దున చికెన్ అంగళ్ల దగ్గర కుక్కలు గుంపుగా కొట్లాడుకుంటుంటాయి. అక్కడ ముందే దిగి నడవండి, సరిపోతుంది.

లక్షణం: నిన్నటిదాకా పట్టించుకోని కుక్క, ఈరోజు మొరగకుండా మీదికొస్తుంది

అసలు గండం ఇది. నా పిక్క మీది మచ్చ దీని చలవే.

దగ్గర్లో పిల్లలున్నాయి. చిత్తకార్తె కుక్కలని తిట్టడం అందరికీ వచ్చు. కుక్కలు జతకట్టే ఆ కార్తె వచ్చేది అక్టోబరులో. కుక్క కడుపుతో ఉండేది 63 రోజులు, కాస్త అటూ ఇటూగా. లెక్క వేసుకోండి: డిసెంబరులో, మీరు మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరే రోజులకు, అది పిల్లల్ని పెట్టి ఉంటుంది. రోడ్డు కింది తూములోనో, పైప్‌లైన్ పనికని తెచ్చి పడేసిన సిమెంటు గొట్టంలోనో, సగం కట్టి వదిలేసిన గదిలోనో. బుక్కరాయసముద్రం వైపు పోయినా, ఎస్కే యూనివర్సిటీ వైపు పోయినా ఇలాంటి చోట్లకు కొదవ లేదు. పిల్లలు మీకు కనపడవు కాబట్టి కుక్కకు ఉన్నట్టుండి పిచ్చెక్కిందనుకుంటారు.

పైన చెప్పిన వైద్యం ఇక్కడ బెడిసికొడుతుంది. దిగి నిలబడితే మామూలు కుక్కకు తరిమే పని అయిపోయినట్టే. తల్లికుక్కకు మాత్రం, మీరు పిల్లల దగ్గరే పాతుకుపోయినట్టు. రాయికి వంగారో, మీ మొహం నేరుగా దాని ఎత్తుకు వస్తుంది. బిస్కెట్ వేసి మంచి చేసుకుందామని ఆగడం ఇంకా అన్యాయం.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. మొరుగుడు తక్కువ, తల దించుకుని సూటిగా వస్తుంది. రోజూ ఒకే చోటు నుంచి లేస్తుంది, తరిమాక మళ్లీ అక్కడికే పరిగెత్తుతుంది. పాలచన్నులు వేలాడుతుంటాయి. చెవి కూడా చూడండి: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కకు ఒక చెవి కొస కత్తిరించి ఉంటుంది. అలాంటిదైతే అది తల్లి కాదు, పై వైద్యమే చేయండి.

తల్లే అయితే దిగండి, కానీ ఆగకండి. సైకిల్ దాని వైపు, మీరు అవతలి వైపు. రోడ్డు రెండో అంచుకు జరుగుతూ మామూలు నడకతో పోండి. కళ్లలోకి చూడొద్దు, అలాగని పూర్తిగా వీపు తిప్పొద్దు, ఓరకంట కనిపెడుతూ ఉండండి. తూము వెనకబడేకొద్దీ దాని కోపమూ తగ్గి, పిల్లల దగ్గరికి తిరిగిపోతుంది. మర్నాటి నుంచి ఆ చోటు రాకముందే దిగండి, లేదంటే వేరే దారి పట్టండి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు పాలు మానేస్తాయి. తర్వాత అదే కుక్క మిమ్మల్ని చూసి తల కూడా ఎత్తదు.

ఈలోపు పిల్లల్ని గోనెసంచిలో వేసి ఎక్కడో పడేసే పెద్దమనుషులు ఉంటారు. ఆ పని చేయనివ్వకండి. తల్లి వెతుక్కుంటూ తిరిగితే తూము దగ్గరి గండం రోడ్డంతా అవుతుంది. పిల్లలు పెరిగాక ఆపరేషన్ కోసం మున్సిపాలిటీకి చెప్పండి. కేంద్రం 2023లో తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదులుతారు. కుక్క మాయమైపోతుందని ఆశ పెట్టుకోకండి, వచ్చే చలికాలం పిల్లలు మాత్రం ఉండవు.

మిగతావి

గొర్రెల మంద కుక్కైతే కాపరిని కేకేయండి, ఆయన మాట వింటుంది. గేటు దాటి వచ్చే పెంపుడు కుక్కైతే ఇంటాయనతో మాట్లాడండి. మడ్‌గార్డ్ గలగలలాడుతుంటే ఆ చప్పుడు ఆగేలా బిగించుకోండి. స్ప్రే అంటారా, ఎదురుగాలి ఉంటే మండేది మీ కళ్లే. పిచ్చికుక్క అరుదు. చొంగ కారుస్తూ, తూలుతూ, కనపడినదాన్నల్లా కరుస్తుంటే ఈ చిట్కాలేవీ వద్దు, ఎవరింట్లోకైనా దూరి తలుపేసుకోండి.

పన్ను దిగితే

పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. కుక్క బతుకుతుందో చస్తుందో చూద్దామని ఆగకుండా అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి సూది రోజును 0గా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. 28వ రోజుది చాలామంది ఎగ్గొడతారు, మీరు ఎగ్గొట్టకండి. రక్తం వచ్చి ఉంటే టీకా ఒక్కటే చాలదు, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పనిచేసే రేబిస్ మందు) గురించి కూడా డాక్టరును అడగండి.