పదహారేళ్ల నాటి హత్య: ఈ నవలని నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఎలా చదవాలి

అగాథా క్రిస్టీ ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ని గబగబా చదివేస్తే సగం రుచి పోతుంది. నేను మొదటిసారి పినాకిని రైల్లో నెల్లూరు నుంచి విజయవాడ పోనూ రానూ చదివి ముగించాను, హంతకులెవరో తెలిసింది, పుస్తకం బ్యాగులో పెట్టేశాను. రెండోసారి పెన్ను పట్టుకుని చదివితేగాని ఆధారాలన్నీ మన కళ్ల ముందే పెట్టిందని అర్థం కాలేదు. అందుకే మొదటిసారే ఇలా చదవండి.

ముందుగా ఇంతవరకు తెలిస్తే చాలు: ఏమియస్ క్రేల్ అనే చిత్రకారుడు విషంతో చనిపోయాడు, భార్య కారొలీన్‌కి శిక్ష పడింది, జైల్లోనే పోయింది. పదహారేళ్ల తర్వాత కూతురు కార్లా వచ్చి మా అమ్మ చేయలేదని, తేల్చమని డిటెక్టివ్ పొయిరోని అడుగుతుంది. వేలిముద్రలు, రక్తపు మరకలు ఏవీ మిగల్లేదు, మిగిలింది ఐదుగురి జ్ఞాపకాలే. ఇంతకు మించి నెట్‌లో వెతకొద్దు, ఒక్క వాక్యం కళ్లబడినా అయిపోయినట్టే.

నోటుబుక్కులో ఐదు పేజీలు ఐదుగురికి కేటాయించండి. ఇంగ్లీషు పేర్లు మనకి కలగాపులగం అవుతాయి కాబట్టి పక్కనే వరస రాసుకోండి: ఏమియస్ స్నేహితులైన అన్నదమ్ముల్లో అన్న మెరెడిత్, మూలికల పిచ్చి; తమ్ముడు ఫిలిప్, షేర్ల వ్యాపారం; ఎల్సా, బొమ్మకి కూర్చున్న అమ్మాయి; విలియమ్స్, ఇంట్లో ఉండి చదువు చెప్పే టీచరమ్మ; ఏంజెలా, కారొలీన్ చెల్లెలు. మెరెడిత్ మగవాడు, నేను చాలా పేజీల దాకా ఆడమనిషి అనుకున్నాను.

ఇక అసలు పని. ప్రతి పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు వాళ్లు చూసింది, విన్నది మాత్రమే, కుడివైపు దాన్నిబట్టి వాళ్లు అనుకున్నది. చెప్పినంత తేలిక కాదు, ముందు ఇంట్లో సాధన చేయండి. 2015 నవంబరు వానలప్పుడు గూడూరు పక్కన మా ఊళ్లో రాత్రి నీళ్లు వచ్చాయి. మొన్న ఆ రాత్రి గురించి అందరినీ విడివిడిగా అడిగాను. ‘నీళ్లు పంచలోకి వచ్చినాయిరా, మీ పెదనాన్న బర్రెల్ని వదిలేసి పారిపోయినాడు’ అంది అవ్వ. పెదనాన్నేమో బర్రెల తాళ్లు కోసి గట్టు మీదికి తోలాను అన్నాడు. పిన్ని చూసింది ఒక్కటే, ఆయన కత్తి తీసుకుని చీకట్లోకి పోవడం. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అవ్వ చూసింది ఆయన వెళ్లడం, పారిపోవడం అనేది ఆవిడ అనుకున్నది. ఈ తేడా పట్టుకోవడం వస్తే నవల సగం మీ చేతిలో ఉన్నట్టే.

నవలలో ఆ ఐదుగురూ ముందు పొయిరోతో మాట్లాడతారు, తర్వాత తలా ఒక కథనం రాసి ఇస్తారు. ఒకే సంఘటన మళ్లీ మళ్లీ వస్తుంది, విసుగొచ్చి పేజీలు తిప్పేయొద్దు. చాటుగా విన్న మాట ఏదైనా వస్తే మాట మాటగా ఎడమవైపు ఎక్కించండి, అర్థం మాత్రం అప్పుడే రాయకండి.

విషానికి ఒక పేజీ విడిగా ఉంచండి. అది హెమ్లాక్ మొక్క నుంచి తీసిన కోనియిన్, సోక్రటీస్ తాగిందీ హెమ్లాకే. మన కొత్తిమీర, జీలకర్ర కుటుంబంలోదే ఆ మొక్క. కండరాలు చచ్చుబడి చివరికి ఊపిరి ఆగిపోతుంది, తాగిన క్షణమే పడిపోరు. కాబట్టి ఆ రోజు ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో, ఏ గ్లాసు ఎవరి చేతి మీదుగా వెళ్లిందో గంటల వారీగా రాయాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన రచయిత్రి, విషాల దగ్గర ఆవిడ లెక్క తప్పదు.

పొయిరో ఐదుగురికీ తలా ఒక ప్రశ్న వేసే అధ్యాయం వస్తుంది. అది అవ్వగానే పుస్తకం మూసేయండి. ఒక రాత్రి గడవనివ్వండి, తెల్లారి పేరు, కారణం రాసి మిగతాది చదవండి. తప్పయితే వెనక్కి వెళ్లి ఏ వాక్యం దారి తప్పించిందో వెతకండి. నాకు దొరికింది, ఫిలిప్ పేజీలో, ఎడమవైపు, ఉండకూడని చోట.