వోల్గా డెల్టాలో చేపలనూ పక్షులనూ చూడడం ఎలా

రష్యాలోని వల్దాయ్ గుట్టల్లో పుట్టి 3,530 కిలోమీటర్లు ప్రయాణించే వోల్గా నది, ఆస్ట్రఖాన్ నగరం వద్ద వందలాది పాయలుగా చీలి కాస్పియన్ సముద్రంలో కలుస్తుంది. ఐరోపాలో ఇంతకు మించిన నదీ డెల్టా లేదు. దీన్ని చూడదలచినవారు తేదీలు ఖాయం చేసుకునే ముందు నీటి సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చేప గుడ్లు పెట్టడం, కొంగ పిల్లలను సాకడం, పడవ ఏ పాయలో నడవగలదన్నది, అన్నీ వసంతపు వరద మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ వరద మంచు కరిగిన నీరే అయినా, దాన్ని ఎప్పుడు, ఎంత వదలాలన్నది 1950ల చివర నదికి అడ్డంగా లేచిన వోల్గోగ్రాడ్ ఆనకట్ట వద్ద నిర్ణయమవుతుంది. సాధారణంగా ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా సాగే ఈ విడుదల వివరాలను జలవిద్యుత్ సంస్థ రోజూ ప్రకటిస్తుంది. కోనసీమ లంకల్లోని వారు భద్రాచలం మట్టాన్ని చూసుకుని సిద్ధపడినట్లే, ఆస్ట్రఖాన్ జాలర్లు వోల్గోగ్రాడ్ అంకెలను చూస్తారు. వదిలిన నీరు డెల్టాకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, ప్రయాణికుడికి కూడా ఆ వ్యవధి ఉపయోగపడుతుంది.

చేపలే ముఖ్యమనుకుంటే మే నెలలో వెళ్లాలి. వరద నీరు ఎక్కి నిలిచే పచ్చిక మైదానాలను అక్కడివారు ‘పోలోయ్’ అంటారు. వోబ్లా, బ్రీమ్ అనే చేపలు, సజాన్ అనే కార్ప్ చేప మునిగిన గడ్డి మీదే గుడ్లు పెడతాయి. ముందుగా వచ్చేది వోబ్లా. సజాన్ మాత్రం నీరు బాగా వెచ్చబడే వరకు ఆగుతుంది. అందుకే ఎండ కాసిన రోజుల తరువాత, తెల్లవారుజామున, గాలి లేని వేళ మోకాలి లోతు నీళ్లున్న మైదానపు అంచున కదలకుండా నిలబడితే, పెద్ద పెద్ద సజాన్‌లు వీపులు నీటిపైకి తేలేలా గడ్డిలో దొర్లుతూ చేసే చప్పుడు ముందు వినిపిస్తుంది, ఆ తరువాతే అవి కనిపిస్తాయి. నీటిలోకి దిగకూడదు, పడవను గడ్డిమీదికి తోలకూడదు. గుడ్లు ఆ గడ్డి పోచలకే అంటుకుని ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో వేటపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి గాలం పట్టుకుని వెళ్లేవారు ఆ ఏటి నిబంధనలు చదువుకోవాలి.

వరద త్వరగా తీసిన ఏడాది వెళితే మరో దృశ్యం ఎదురవుతుంది. పిల్లచేపలు పాయల్లోకి తిరిగి వెళ్లేలోపే నీరు తగ్గి, మడుగుల్లో చిక్కుకుపోతాయి. స్థానికులు చిన్న కాలువలు తవ్వి వాటిని నదిలోకి వదులుతారు. అలాంటి మడుగుల చుట్టూ కొంగలు గుమిగూడతాయి కనుక, ఫొటోలు తీసేవారికి ఆ ఏడాదే కలిసివస్తుందని చెప్పక తప్పదు.

మే చివరి నుంచి జూన్ దాకా ‘మోష్కా’ అనే సన్న దోమలు కళ్లలోకీ చెవుల్లోకీ దూరుతాయి. ముఖాన్ని కప్పే వలటోపీ లేకుండా బయలుదేరవద్దు. పూతమందులు వీటి ముందు అంతగా పనిచేయవు.

పక్షుల కోసం వెళ్లేవారు 1919లో ఏర్పడిన ఆస్ట్రఖాన్ అభయారణ్యాన్ని ఎంచుకోవాలి. దామ్‌చిక్, త్రియోహ్‌ఇజ్బిన్‌స్కీ, ఒబ్జోరోవ్‌స్కీ అనే దాని మూడు భాగాల్లోకీ ముందస్తు అనుమతితోనే ప్రవేశం. సముద్రానికి దగ్గరి ప్రాంతాలు సరిహద్దు మండలంలోకి వస్తాయి కాబట్టి విదేశీయులు విడిగా మరో అనుమతి తీసుకోవాలి, దీనికి వారాలు పట్టవచ్చు. విల్లో చెట్ల మీద కొంగలు, నీటికాకులు కట్టిన గూళ్ల గుంపులకు పడవను చేరువగా తీసుకెళ్లమని నడిపేవారిని ఒత్తిడి చేయవద్దు: తల్లి పక్షులు బెదిరి లేచిన క్షణంలోనే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. తెల్లతోక గద్దను వెతకాలంటే పాయ ఒడ్డున ఎండిన చెట్టు కొమ్మలను చూడాలి. గూడబాతుల్లో ఇక్కడి ప్రత్యేకత డాల్మేషియన్ జాతి. నేలపట్టులో మనం చూసే జాతి కంటే ఇది బాగా పెద్దది. ఇక పాయ నడుమ చిన్నచేపలు నీటిపైకి ఎగిరిపడుతూ, పైన రేవుపిట్టలు తిరుగుతున్నాయంటే కింద జెరెఖ్ అనే వేటచేప పని మొదలుపెట్టిందన్నమాట.

జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు పాయలు సముద్రంలో కలిసేచోట తామరలు పూస్తాయి. ఆస్ట్రఖాన్‌వారు దీన్ని ‘కాస్పియన్ గులాబీ’ అంటారు. కాస్పియన్ మట్టం కొన్ని దశాబ్దాలుగా తగ్గుతూ సముద్రమట్టానికి 29 మీటర్ల దిగువకు చేరడంతో అక్కడి ఇసుక మేటల మీద లోతు మరీ తక్కువైంది, కాబట్టి ‘కులాస్’ అనే, గడతో తోసే చదునడుగు పడవ దొరికితే మోటారు పడవ కంటే దాన్నే ఎంచుకోవడం మేలు. ఈ మేటలు కొత్తవేమీ కావు: 15వ శతాబ్దంలో మన పొరుగునున్న బీదర్‌దాకా వచ్చిన రష్యన్ వర్తకుడు అఫనాసీ నికితిన్ బృందపు పెద్ద ఓడ కూడా వోల్గా ముఖద్వారంలోనే ఇసుకలో దిగబడింది.

స్టర్జన్ చేపలను నదిలో చూస్తామన్న ఆశతో మాత్రం వెళ్లవద్దు. టన్ను వరకూ పెరగగల బెలూగా, రష్యన్ స్టర్జన్, సెవ్‌రూగా గుడ్లు పెట్టడానికి ఎగువకు వెళ్లే దారిలో అధిక భాగాన్ని ఆనకట్ట మూసేసింది, మిగిలినదాన్ని దొంగవేట దెబ్బతీసింది. ఇప్పుడు వాటి ఉనికి చాలావరకు పెంపక కేంద్రాలు వదిలే పిల్లల మీదే ఆధారపడి ఉంది; సందర్శకులను అనుమతించే చేపల క్షేత్రంలోనే వాటిని దగ్గరగా చూడగలరు. నగరంలోని సెలెన్‌స్కియే ఇసాదీ బజారులో ఎండబెట్టిన వోబ్లాను నిశ్చింతగా కొనవచ్చు. కావియార్, అంటే ఉప్పు పట్టించిన స్టర్జన్ గుడ్లు, కొనేటప్పుడు మాత్రం పెంపకపు చేపదని తెలిపే, అంతర్జాతీయ నియమాల ప్రకారం సంకేత సంఖ్య ముద్రించిన సీలు డబ్బానే తీసుకోవాలి. అనుమతిపత్రం లేకుండా వెంట తీసుకెళ్లడానికి ఆ నియమాలు ప్రయాణికుడికి ఇచ్చే మినహాయింపు మనిషికి 125 గ్రాములు.