అనంతపురం జిల్లాలో అవ్వాతాతలకు ప్రభుత్వ సాయం రాబట్టుకునే దారి

మంచాన పడినవాళ్లకు రోజూ ఇంటికొచ్చి ఒళ్లు తుడిచి, అన్నం తినిపించే మనిషిని ప్రభుత్వం పంపదు. ఇచ్చేదల్లా పింఛను, ఆసుపత్రి వైద్యం, కొన్ని పరికరాలు, దిక్కులేనివాళ్లకు ఆశ్రమంలో చోటు, పిల్లలు చూడకపోతే ఆర్డీవో ఉత్తర్వు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు. ఎక్కువమంది నష్టపోయేది పింఛను దగ్గరే. నెలనెలా వస్తోంది కదా అని ఊరుకుంటారు గానీ, రావాల్సిన రకమేనా అని చూసుకోరు.

రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి 60 ఏళ్లు నిండినవాళ్లకు నెలకు 4,000 రూపాయలు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6,000. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. అంటే పక్షవాతంతో మంచం దిగలేని తాత ఇంకా వృద్ధాప్య పింఛనే తీసుకుంటుంటే నెలకు 11,000 వదులుకుంటున్నట్టు. రకం దానంతటది మారదు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే వైద్య శిబిరం) స్లాటు బుక్ చేసి, ఆధార్‌తో పాటు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, స్కానింగ్ రిపోర్టులు పట్టుకుని శిబిరానికి వెళ్లాలి. సర్టిఫికెట్ వచ్చాక సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంటుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మంజూరు వెంటనే కాకపోవచ్చు. సర్టిఫికెట్ మాత్రం ముందే చేతిలో ఉండాలి. 2025లో డాక్టర్లు ఇళ్లకు వెళ్లి నెలకు 15,000 రూపాయల పింఛన్లను మళ్లీ పరిశీలించారు కాబట్టి పాత రిపోర్టులు పారేయొద్దు.

పింఛనుకు కొత్తగా పెట్టుకునేవాళ్లకు అడ్డం పడేవి ఇవి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్ల లోపుండాలి. కారు ఉండకూడదు, ఆటో, టాక్సీ, ట్రాక్టరు ఉన్నా ఫరవాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపన్ను కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఒక ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం రాసుకున్న లెక్క) తల్లిదండ్రులతోనే ఉండిపోతే, వాడి ఉద్యోగం అవ్వ పింఛనుకు అడ్డమవుతుంది. దరఖాస్తుకు ముందే మ్యాపింగ్, రైస్ కార్డు చూపించుకుని సరిచేయించుకోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, కనుక గట్టి ఆధారం దొరికాకే ఆ పని మొదలుపెట్టండి.

పింఛనుకు భూమి పరిమితి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు. మన జిల్లాలో వాన పడితేనే పండే మెట్ట పది దాటినవాళ్లకు కొదవలేదు. నోటిమాటగా కొడుకులకు పంచేసినా పాసుబుక్కు పెద్దాయన పేరు మీదే ఉంటే లెక్కలోకి వస్తుంది. అందుకని చాలామంది పింఛను కోసం భూమి రాసిచ్చేస్తారు. తొందరపడొద్దు. ఆ దస్తావేజులో ఏం రాయాలో కింద ఉంది.

బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పింఛను రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. వేలిముద్ర అరిగి పడకపోతే ముఖం గుర్తింపుతో ఇవ్వమని అడగండి.

వైద్యానికి రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన ఉంది, 2024 అక్టోబరు 29న మొదలైంది, ఆధార్ చాలు. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. నెలవారీ బీపీ, షుగరు మాత్రలకు పనికిరాదు. వాటికి పీహెచ్‌సీ, ఊరికొచ్చే 104 వాహనం.

చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, చెవి మిషను, కట్టుడు పళ్లు రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం కింద ఉచితం. శిబిరం పెట్టి కొలతలు తీసుకున్నాకే ఇస్తారు.

ఆశ్రమం కావాలంటే విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో ఏడీని (అసిస్టెంట్ డైరెక్టరును) కలిసి, కేంద్ర గ్రాంటుతో నడిచే ఆశ్రమాలేవో అడగాలి. ఇవి ఎక్కువగా 25 మందికి సరిపడేవి, నడిచేవాళ్లకే. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు నిరంతర సంరక్షణ గృహాలని వేరే ఉంటాయి. సంగతి దాచి చేర్పిస్తే వెనక్కి పంపేయొచ్చు. ఎక్కడ ఖాళీ ఉందో వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి అడగొచ్చు.

ఇక పిల్లలు చూడకపోతే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవోయే ట్రిబ్యునల్, అంటే అర్జీ విని ఉత్తర్వు ఇచ్చేది ఆయనే. జిల్లాలో అనంతపురం, గుంతకల్లు, కళ్యాణదుర్గం డివిజన్లు. ధర్మవరం, కదిరి వాళ్లు 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, అనంతపురం వచ్చి లాభం లేదు. వకీలు అక్కర్లేదు. తెల్లకాగితం మీద పిల్లలందరి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏం సంపాదిస్తున్నారో, నెలకు మందులకు ఎంత, తిండికి ఎంత, అద్దెకు ఎంత అన్నది విడివిడిగా రాయండి. ఊరికే ‘చూడడం లేదు’ అని రాస్తే నెలకు ఎంత ఇప్పించాలో తేల్చడం కష్టం. మేజరైన మనవళ్లు, మనవరాళ్ల మీద కూడా వేయొచ్చు. కోడలు, అల్లుడు ఈ చట్టంలోకి రారు. కొడుకు బెంగళూరులో ఉన్నా మీరుండే చోటే అర్జీ చెల్లుతుంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. అంతదాకా గడవకపోతే మధ్యంతర భృతి కావాలని అదే అర్జీలో అడగండి. పిల్లల నుంచి ఇప్పించే భృతి గరిష్ఠం నెలకు 10,000.

రాసిచ్చిన ఆస్తి వెనక్కి రావడానికి ఇదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషించాలన్న షరతు మీద ఇచ్చినట్టు తేలాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాల్సిందేనని చెప్పింది. కాబట్టి దాన సెటిల్‌మెంట్ దస్తావేజులో ఈ వాక్యం పెట్టించండి: ‘నా జీవితాంతం తిండి, బట్ట, వైద్యం, ఉండేందుకు చోటు ఇచ్చి చూసుకోవాలన్న షరతుపై ఇస్తున్నాను, చూడకపోతే ఈ దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు నాకుంది.’ ‘ప్రేమాభిమానాలతో’ అని మాత్రమే రాసి ముగించే నమూనాకు ఒప్పుకోవద్దు, రాసేవాళ్లు అలాగే రాస్తామన్నా సరే.

ఉత్తర్వు వచ్చాక డబ్బు బ్యాంకులోనే వేయించుకోండి, పాసుబుక్కే రుజువు. ఒక నెల వేయకపోతే గడువు తేదీ నుంచి మూడు నెలల్లోపే వసూలుకు మళ్లీ అర్జీ పెట్టాలి. ఆ గడువు దాటితే ఆ నెల బాకీకి వారంటు ఇవ్వరు. వారంటు ఇచ్చినా కట్టకపోతే నెల దాకా జైలు.