పొటోసీ వెండి గనిలోకి వెళ్లి చూడటం ఎలా?

బొలీవియా అనగానే అందరూ ఉయుని ఉప్పు మైదానం గురించే చెబుతారు. అక్కడి నుంచి బస్సులో నాలుగు గంటలు వెళ్తే పొటోసీ వస్తుంది. 1545లో ఈ ఊరి పక్కనున్న సెర్రో రికో కొండలో స్పెయిన్‌వాళ్లు వెండి తవ్వకం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో మచిలీపట్నంలో అద్దకం బట్టలు కొన్న యూరప్ వర్తకులు తెచ్చిన వెండి కూడా చాలావరకు అమెరికా ఖండపు గనులదే. ఆ కొండను ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. గైడ్‌తో వెళ్తే లోపలికి దిగి చూడొచ్చు.

1. దిగాలా వద్దా, ముందే తేల్చుకోండి

ఇది టికెట్ కొని చూసే మ్యూజియం కాదు, పని నడుస్తున్న గని. కొన్నిచోట్ల వంగి నడవాలి, కొన్నిచోట్ల పాకాలి. గాలిలో సిలికా దుమ్ము ఉంటుంది. ఏళ్ల తరబడి అది పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో పాడైపోతాయి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు మానుకోవడమే మంచిది. పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు.

2. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి

బొలీవియా నుంచి మన దేశానికి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఈ టీకా సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు.

3. ఎత్తుకు అలవాటు పడండి

పొటోసీ 4,000 మీటర్లకు పైన ఉంది. నేరుగా వెళ్లి దిగితే తలనొప్పి, వాంతులు, ఆయాసం. అందుకని 2,800 మీటర్ల దగ్గరున్న సూక్రే నగరంలో రెండు మూడు రోజులు ఉండి, అక్కడి నుంచి బస్సెక్కండి. దూరం దాదాపు 160 కిలోమీటర్లు. పొటోసీ చేరిన రోజే గనికి బయలుదేరొద్దు.

4. మొదట టంకశాల చూడండి

గని చూశాక టంకశాలకు ఓపిక ఉండదు, పైగా వరస కూడా ఇదే సరైనది. ఊరి నడిబొడ్డున ఉన్న కాసా నసియోనాల్ దె లా మోనెదా కోటంత కట్టడం, 1773లో పూర్తయింది. వెండి దిమ్మెల్ని రేకులుగా సాగదీసిన పెద్ద పెద్ద చెక్క యంత్రాలు ఇంకా ఉన్నాయి. కింది అంతస్తులో కంచర గాడిదలు గుండ్రంగా తిరుగుతుంటే పైన చక్రాలు తిరిగేవి. 1570ల్లో వైస్రాయ్ తొలెదో 'మిటా' అనే వెట్టిని కట్టుదిట్టం చేశాడు. దాని ప్రకారం చుట్టుపక్కల ప్రాంతాల మూలవాసులు వంతులవారీగా వచ్చి గనిలో పనిచేయాలి. ఇది తెలిసి గనిలోకి వెళ్తే చూసే చూపే వేరు.

5. గైడ్‌ను అడిగి ఎంచుకోండి

గనిలో పనిచేసిన అనుభవం ఉన్న గైడ్‌లు దొరుకుతారు. వాళ్లయితే లోపలివాళ్లతో క్వెచువా భాషలో మాట్లాడగలరు. గుంపు చిన్నదా, డబ్బులో కార్మికులకు ఏమైనా అందుతుందా అని అడగండి. సరదాకి డైనమైట్ పేల్చి చూపిస్తామనేవాళ్లతో వెళ్లొద్దు. కొండ ఇప్పటికే డొల్ల. 2014 నుంచి ఈ ఊరు ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల యునెస్కో జాబితాలో ఉండటానికి ఆపకుండా సాగుతున్న తవ్వకాలే ముఖ్య కారణం. ఆదివారం పని దాదాపు ఉండదు. లోపలికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉన్నవాళ్లకు ఆ రోజే నయం.

6. కార్మికులకు ఇవ్వడానికి ఏదైనా పట్టుకెళ్లండి

దారిలో కార్మికుల బజారు దగ్గర ఆపుతారు. కోకా ఆకులు (కార్మికులు నమిలేవి, కొకైన్ తయారయ్యేది వీటి నుంచే), సిగరెట్లు, డైనమైట్ అన్నీ అక్కడ బాహాటంగా అమ్ముతారు. 96 శాతం ఆల్కహాల్ సీసాలు కూడా. నన్నడిగితే జ్యూస్, చేతి తొడుగులు, కోకా ఆకులు చాలు.

7. లోపల

హెల్మెట్, లైటు, బూట్లు వాళ్లే ఇస్తారు. ఎన్95 మాస్కు మాత్రం మీరే తెచ్చుకోండి. బయట చలి వణికించినా లోతుకు పోయేకొద్దీ ఉక్క పెరుగుతుంది, అందుకే లోపల పల్చటి చొక్కా వేసుకోండి. పట్టాల మీద ఖనిజం నింపిన బండ్లను మనుషులే తోస్తారు. అంత బరువుతో వస్తున్న బండి చప్పున ఆగదు. గైడ్ కేక వేయగానే గోడకు అతుక్కుపోవాలి.

ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది సహకార సంఘాలవాళ్లు. సింగరేణి బాయిలోలాగా నెల జీతం ఉండదు, తవ్విన ఖనిజాన్ని బట్టే రాబడి. అందుకే వాళ్లను ఆపి ఫోజులు పెట్టించొద్దు, అడక్కుండా ఫొటో తీయొద్దు. ఒక మూల కొమ్ములున్న ఎల్ తియో మట్టి విగ్రహం కనిపిస్తుంది. భూమి లోపల అధికారం ఇతనిదని కార్మికుల నమ్మకం. కోకా ఆకులు, సిగరెట్, మద్యం సమర్పిస్తారు. చర్చిలో మేరీమాతకు మొక్కేవాళ్లే లోపల ఇతనికీ మొక్కుతారు. గైడ్ ఇక్కడ కూర్చోబెట్టి కబుర్లు చెబుతాడు, తొందరపెట్టకండి.

8. వచ్చేటప్పుడు

మిగిలిన కోకా ఆకులు బొలీవియాలోనే వదిలేయండి. అక్కడ చట్టబద్ధమే కానీ మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. బ్యాగు అరల్లో, జేబుల్లో ఒక్క ఆకు కూడా లేకుండా దులిపి చూసుకోండి.